4.3 భేరి దరువును లూపుగా అమర్చడం

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలం దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. వెళ్లివచ్చినవారి చెవుల్లో భేరీల మోత, 'ఓ లింగా' కేకలు చాలా రోజులు నిలుస్తాయి. అక్కడి భేరి దరువును మీరు ఫోనులో రికార్డు చేసుకున్నారనుకొందాం. దాన్ని పాటకు ఆధారంగా ఎట్లా అమర్చాలో ఈ విభాగంలో తెలుసుకొంటారు.

శాంపిల్ అంటే రికార్డు చేసిన శబ్దపు ముక్క. దాని చివర మళ్లీ మొదటితో అతుకు తెలియకుండా కలిస్తే లూప్ అవుతుంది.

విద్యార్థులు ఎక్కువగా పొరబడేది పొడవు దగ్గరే. ముక్కను ట్రాకులో పెట్టి వరుసగా నకళ్లు వేస్తారు. మొదట బాగానే ఉంటుంది, కాసేపటికి దరువు తాళం నుంచి జారిపోతుంది. కారణం లెక్కలో ఉంది. ప్రాజెక్టు వేగం నిమిషానికి 120 బీట్లయితే, నాలుగు బీట్ల బార్‌కు 2 సెకన్లు పడుతుంది. మీ రికార్డింగులో నాలుగేసి బీట్ల ఆవృత్తాలు నాలుగింటికి 7.2 సెకన్లు పట్టిందనుకోండి. ఒక్కోదానికి 1.8 సెకన్లు. బార్‌కు 0.2 సెకన్ల తేడా వస్తే, అయిదు బార్లకు ఒక సెకను, అంటే రెండు బీట్లు తప్పుతాయి. (ఒక్క ఆవృత్తాన్నే కొలిస్తే కొలతలోని పొరపాటంతా దానిమీదే పడుతుంది. అందుకే నాలుగు కొలిచాం.)

దిద్దడానికి సులువైన దారి ప్రాజెక్టు వేగాన్నే మార్చడం: 240ని 1.8తో భాగిస్తే 133.3. శాంపిల్‌ను 2 సెకన్లకు సాగదీయవచ్చు కూడా. కాని నెమ్మదిగా నడిపితే శ్రుతి దాదాపు రెండు స్వరస్థానాలు దిగుతుంది. శ్రుతి మారకుండా సాగదీస్తే దెబ్బలోని పదును మొద్దుబారుతుంది. భేరికి ఆ పదునే ప్రాణం కనుక మొదటి దారే మేలు.

ఇక కోత. తరంగం సున్నా గీతను దాటే చోట కోయకపోతే ప్రతి అతుకు దగ్గరా 'టక్'మని వినిపిస్తుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీలో జడ్ మీట నొక్కితే ఎంపిక అంచులు అలాంటి చోటికి జరుగుతాయి.

1.8 సెకన్ల ముక్కను మూడు నిమిషాల పాటలో నింపితే అది నూరుసార్లు మోగుతుంది. వినేవారికి విసుగు పుడుతుంది. వాద్యకారుడు ఏ రెండు ఆవృత్తాలనూ ఒకేలా వాయించడు కనుక నాలుగింటినీ కలిపి ఒక లూపుగా తీసుకోండి. కొన్ని దెబ్బలు గీతకు కాస్త ముందో వెనకో పడతాయి. వాటిని క్వాంటైజ్ చేసి సరిచేయకండి. జాతర ఊపు అక్కడే ఉంది. చరణానికి ముందు ఒక బార్ పాటు భేరిని ఆపి చూడండి, తిరిగి వచ్చినప్పుడు బలం తెలుస్తుంది. వెనక ఎవరో దగ్గిన ముక్కను మాత్రం వాడవద్దు. 7.2 సెకన్లకోసారి అదే దగ్గు వినిపిస్తుంది!

ఆ దరువు వాయించిన మనిషిదన్నది మరవరాదు. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకులకు 50 ఏళ్ల హక్కు ఇచ్చింది. పాట విడుదల చేసేముందు ఆయన అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ప్రతిఫలం మాట్లాడుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నాలుగేసి బీట్ల ఆవృత్తాలు నాలుగింటికి 6.4 సెకన్లు పట్టింది. ప్రాజెక్టు వేగం ఎంత పెట్టాలి?
జవాబు: నిమిషానికి 150 బీట్లు.