కంపైలరు చదువుకు పరీక్ష

ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ఆర్ట్స్ కళాశాల నుండి తార్నాక కూడలికి దారి చెబుతూ మేమొక చీటీ వ్రాసి ఇచ్చామనుకోండి. అందులో ఒక మలుపు పేరు తప్పు పడితే, చదివేవాడు ఊహతో ముందుకు సాగరాదు. “ఈ మాట అర్థం కాలేదు” అని ఆగాలి. కంపైలరుకూ ఇదే ధర్మం.

మనం వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చే సాధనం కంపైలరు. ఈ మార్పు దశలవారీగా జరుగుతుంది. 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఎల్‌ఎల్‌వీఎం వ్యవస్థలో, యంత్రభాషకు చేరువగా ‘ఎం.ఐ.ఆర్.’ అనే నడిమి రూపం ఉన్నది. దానిని మామూలు అక్షరాలలో వ్రాసి, తిరిగి చదివించే ఏర్పాటు 2015లో వచ్చింది. అంతకుముందు చివరి దశలను పరీక్షించాలంటే పై దశలన్నిటినీ నడిపించవలసి వచ్చేది. నడుమ ఏది మారినా పరీక్ష గురి తప్పేది. ఇప్పుడు కోరిన దశకు కోరిన పాఠాన్ని నేరుగా అందించవచ్చు.

అయితే, ఆ పాఠాన్ని చదివే భాగమే పొరబడితే ఈ పరీక్షలన్నీ వ్యర్థమే కదా! అందుచేత దానికి రెండు పరీక్షలు పెడతారు. సరైన పాఠాన్ని చదివించి, తిరిగి వ్రాయించి, పోల్చి చూడడం మొదటిది. కావాలనే తప్పు పెట్టి చూడడం రెండవది. ఉదాహరణకు, యంత్రంలో విలువలను నిలిపే చిన్న అరకు రిజిస్టరని పేరు. లేని రిజిస్టరు పేరు వ్రాస్తే, కంపైలరు ఆగి, ఏ పంక్తిలో, ఎన్నవ అక్షరం వద్ద దోషమున్నదో చెప్పాలి. మౌనంగా అంగీకరిస్తే ఓడినట్లే.

మన సెల్‌ఫోనులలోని ప్రోగ్రాములనేకం ఇట్టి కంపైలర్ల చేతిమీదుగా వచ్చినవే. అక్కడ దొర్లిన దోషం ప్రోగ్రాము వ్రాసినవారి కంటికీ కనబడదు. కనుకనే ఒప్పును గ్రహించడమెంత ముఖ్యమో, తప్పును నిరాకరించడమూ అంతే ముఖ్యం.