వార్తల్లో పదం: ఎల్‌సీ3 సిమెంటు

సున్నపురాతిని 1450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చి సిమెంటునకు మూలద్రవ్యమగు క్లింకరు చేయునప్పుడు, కొలిమిపొగ యటుండగా, ఆ రాతియందే బద్ధమై యున్న బొగ్గుపులుసు వాయువు విడివడి గాలిలో కలియుచున్నది. సిమెంటు మూలమున కలుగు కర్బన కాలుష్యములో సగమునకు పై భాగ మిట్లు రాతినుండి వచ్చునదే. అందుచేత క్లింకరును సగపాలునకు తగ్గించి, నూటికి 30 పాళ్లు కాల్చిన బంకమన్ను, 15 పాళ్లు కాల్చని సున్నపురాతిపొడి, 5 పాళ్లు జిప్సము చేర్చిన మిశ్రమమే ఎల్‌సీ3. మన్నునకు సుమారు 800 డిగ్రీల వేడిమి చాలును. పింగాణికి పనికిరాదని గనుల చెంత త్రోసివేసిన మన్ను సైత మిందు తరచుగా పనికివచ్చుట మిక్కిలి సంతోషకరము. స్విట్జర్లాండు, క్యూబా, భారతదేశముల శాస్త్రజ్ఞులు కలిసి సాధించిన యీ సిమెంటునకు 2023లో భారతీయ ప్రమాణము సయితము వెలువడినది. పల్నాడు, నల్లగొండ సీమల కర్మాగారములు దీనిని జాగుసేయక చేపట్టవలెను.