కుటుంబంతో క్యాంపింగ్: ఏ స్టవ్వు కొనాలి? ముందు చూసుకోవలసినవి ఏమిటి?

కార్తీక వనభోజనాల నుంచి సంక్రాంతి సెలవుల దాకా తెలుగు కుటుంబాలు ఆరుబయట వంట చేసుకొనే కాలం. ఒకప్పుడు మూడు రాళ్లు పేర్చి, ఎండుపుల్లలు ఏరి ఉసిరిచెట్టు నీడన వండుకొనేవారు. ఇప్పుడు లంబసింగి, అరకు, మారేడుమిల్లి వంటి చోట్ల గుడారంలో రాత్రి గడిపి, తెల్లవారుజామున మంచు చూసి వచ్చేవారు కనిపిస్తున్నారు. వీరికోసమే చిన్న పెట్టెలో ఇమిడే గ్యాస్ స్టవ్వులు దుకాణాల్లోకి వచ్చాయి. సాధారణంగా ధర, బరువు, మంట చూసి వీటిని కొంటారు. కానీ అంతకుముందే తేల్చుకోవలసిన విషయాలు రెండు ఉన్నాయి. అక్కడికి దేనిలో వెళ్తున్నాం? అక్కడ చలి ఎంత?

రైలు ప్రయాణమైతే గ్యాస్ స్టవ్వు ఆలోచన మానుకోవలసిందే. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్ సమీపంలో నిలిపి ఉంచిన పర్యాటక బోగీలో మంటలు చెలరేగి 9 మంది మరణించారు. వారు లక్నో నుంచి దక్షిణాది యాత్రకు వచ్చిన బృందం. నిబంధనలకు విరుద్ధంగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్‌తో టీ కాచుకొనే ప్రయత్నమే ప్రమాదానికి కారణమని రైల్వే శాఖ ప్రకటించింది. ప్రమాదకరమైన వస్తువులను రైల్లో తీసుకువెళ్లడం 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలే కావడంతో చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. జైలుశిక్ష మాట గుర్తుండదు. విమానంలోనూ గ్యాస్ డబ్బాలను చేతి సంచిలో గానీ, చెక్-ఇన్ సామానులో గానీ అనుమతించరు. కాబట్టి లేహ్‌కో, మనాలీకో విమానంలో వెళ్లే కుటుంబం ఇంధనాన్ని అక్కడే కొనుక్కోవాలి. అక్కడ ఏ రకం డబ్బా దొరుకుతుందో తెలుసుకొన్న తర్వాతే దానికి సరిపడే స్టవ్వు ఎంచుకోవాలి.

సొంత కారులో వెళ్లేవారికి ఎక్కువ అవకాశాలుంటాయి. అయితే గ్యాస్ డబ్బాల మీద 50 డిగ్రీలు మించిన వేడి తగలనీయరాదన్న హెచ్చరిక ఉంటుంది. ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులో ఆ వేడి రావడానికి ఎక్కువసేపు పట్టదు. ఎల్పీజీ గాలికన్నా బరువైన వాయువు. లీకైతే పైకి తేలిపోకుండా డిక్కీలోనో, సీట్ల కిందనో పేరుకుంటుంది. కారు ఆగిన ప్రతిచోటా డబ్బాలను నీడలో ఉంచడం అవసరం.

చలిలో మంట ఎందుకు తగ్గుతుంది?

పెట్టె ఆకారంలో ఉండే స్టవ్వుకు పక్కన అమర్చే పొడవాటి డబ్బాలో సాధారణంగా బ్యూటేన్ ఉంటుంది. డబ్బాలో అది ద్రవరూపంలో ఉండి, ఆవిరిగా మారి మండుతుంది. బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత సుమారు మైనస్ 0.5 డిగ్రీలు. అంటే వాతావరణం సున్నాకు దగ్గరపడేకొద్దీ అది ఆవిరి కావడం మందగిస్తుంది. పైగా ద్రవం ఆవిరయ్యేటప్పుడు డబ్బా నుంచే వేడిని లాక్కుంటుంది కాబట్టి, వంట సాగుతున్నకొద్దీ డబ్బా మరింత చల్లబడుతుంది. జనవరి తెల్లవారుజామున లంబసింగిలో సగం డబ్బా ఉండగానే మంట నీరసించిందంటే స్టవ్వు పాడైనట్టు కాదు. ఇంధనం ఆ చలికి తగినది కాదు.

ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 డిగ్రీల దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతాయి. ఈ రెండూ కలిపిన డబ్బాలు పొట్టిగా, గుండ్రంగా ఉండి, మరతో బిగించే మూతితో వస్తాయి. ధర ఎక్కువే. మైదాన ప్రాంతాల్లో వీటి అవసరం లేదు. ఏజెన్సీ కొండల్లో శీతాకాలం గడపాలన్నా, హిమాలయాలకు వెళ్లాలన్నా ఆ అదనపు ఖర్చు దండగ కాదు. మంట తగ్గిందని డబ్బాను వేడినీళ్లలో ముంచడం, మంట దగ్గర పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. రాత్రి దుప్పట్లో చుట్టి ఉంచితే చాలు.

ఎత్తుకు వెళ్లేవారికి మరో చిక్కు ఉంది. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి. మంట ఎంత పెంచినా మూత లేని గిన్నెలో కందిపప్పు ఉడకదు. గ్యాస్ మాత్రం అయిపోతుంది. అక్కడ మన ఇళ్లలోని ప్రెషర్ కుక్కరే దిక్కు. దాని లోపల ఉష్ణోగ్రత లేహ్‌లో కూడా 110 డిగ్రీలు దాటుతుంది.

పర్వతారోహకుల స్టవ్వు కుటుంబానికి సరిపోతుందా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. డబ్బా నెత్తిన బిగించే చిన్న బర్నర్ జేబులో పడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఒక మనిషి ఒక గ్లాసు నీళ్లు కాచుకోవడానికి దాన్ని రూపొందించారు. నలుగురికి అన్నం వండే మూడు లీటర్ల కుక్కర్ దానిమీద పెడితే బరువంతా పైనే ఉంటుంది. గరిటె తగిలినా, పిల్లవాడి కాలు తగిలినా మరిగే నీళ్లతో సహా ఒరిగిపోతుంది. కుటుంబానికి కావలసింది ఎత్తు తక్కువ, అడుగు వెడల్పు ఉన్న స్టవ్వు. పెట్టె స్టవ్వు గానీ, రబ్బరు గొట్టంతో డబ్బాను దూరంగా ఉంచే నాలుగు కాళ్ల రకం గానీ నయం.

పెట్టె స్టవ్వుకూ ఒక హద్దు ఉంది. గిన్నె లేదా పెనం వెడల్పై డబ్బా గదిమీదకు వస్తే వేడి కిందికి కమ్మి డబ్బా పేలవచ్చు. దోసెల పెనం తీసుకెళ్లాలనుకొనేవారు ఇది గుర్తుంచుకోవాలి. రెండు స్టవ్వులను ఆనించి పెట్టి పెద్ద గిన్నె ఎక్కించడం ఇంకా ప్రమాదకరం. డబ్బా అమర్చేటప్పుడు దాని అంచున ఉన్న గాడి పైకి ఉండాలి. తిరగబడితే ఆవిరికి బదులు ద్రవమే బర్నర్‌లోకి వచ్చి మంట ఎగసిపడుతుంది.

పది పదిహేను మంది వెళ్లే వనభోజనాలకైతే పెట్రోలు బంకుల్లోనూ అమ్మే 5 కిలోల సిలిండర్, ఐఎస్‌ఐ గుర్తు ఉన్న బర్నరే మేలు. వీధి దుకాణాల్లో గృహ సిలిండర్ నుంచి గ్యాస్ నింపి ఇచ్చే బుడ్డి సిలిండర్ల జోలికి వెళ్లకూడదు. అలా నింపడం చట్టవిరుద్ధం. ఆ సిలిండర్‌కు పరీక్ష జరిగిందన్న భరోసా కూడా ఉండదు.

పాత పంపు స్టవ్వు సంగతేమిటి? 1892లో స్వీడన్‌లో పుట్టిన ప్రైమస్ దీనికి మూలం. గట్టి చలిలోనూ బాగా మండుతుంది. కానీ వెలిగించేటప్పుడు మంట భగ్గుమంటుంది, కిరోసిన్ దొరకడమూ కష్టమే. పిల్లలున్నచోట అది వద్దు. కట్టెలతో మంట వేద్దామనుకొంటే స్థలం ఎవరిదో చూసుకోవాలి. అభయారణ్యాల్లో అడవికి ముప్పు కలిగించేలా నిప్పు రాజేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తోంది.

ఏ స్టవ్వు కొన్నా గుడారం లోపల వెలిగించకూడదు. వానొచ్చినా, చలేసినా సరే. గాలి చాలని చోట గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో ఒక రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకొని, తలుపులు, కిటికీలు మూసి నిద్రించిన కేరళ పర్యాటకులు 8 మంది మరణించారు. వారిలో నలుగురు పిల్లలు. అది గోడలున్న గది. గుడారం అంతకన్నా ఎంతో ఇరుకు.

ఇక ఎన్ని డబ్బాలు కావాలి? లీటరు నీళ్లు మరగడానికి, సగం వేడి వృథా అయిందనుకొన్నా, సుమారు 15 గ్రాముల గ్యాస్ పడుతుంది. నలుగురికి రెండు పూటలా టీ, ఉదయం ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు, రాత్రికి కిచిడీ అనుకొంటే తాలింపులతో కలిపి రోజుకు 200 గ్రాముల పైచిలుకు, అంటే దాదాపు ఒక డబ్బా. గాలి గట్టిగా వీస్తే ఈ లెక్క నిలవదు. అడ్డు పెట్టినా ఒక వైపునే పెట్టాలి. చుట్టూ మూస్తే డబ్బా వేడెక్కుతుంది. రెండు రోజుల యాత్రకు మూడు డబ్బాలు తీసుకెళ్లడం మంచిది. బయలుదేరే ముందు ఒక సాయంత్రం ఇంటి ఆరుబయట అదే కుక్కర్ పెట్టి ఒకసారి అన్నం వండి చూస్తే, స్టవ్వు బరువు మోస్తుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.