మేనల్లుడు అడిగిన స్కోపు

పిస్కాటవేలో మా ఇంట్లో హైదరాబాద్ ప్రయాణం అనగానే తెమ్మన్నవాటి జాబితా మొదలవుతుంది. ఈసారి మేనల్లుడు "మామయ్యా, పాత ల్యూపోల్డ్ 36 ఎక్స్ గానీ 45 ఎక్స్ గానీ దొరికితే పట్టుకురా" అన్నాడు. వాడికి రైఫిల్ షూటింగ్ పిచ్చి. గ్రీన్‌కార్డు వచ్చాక నాకూ అదే పట్టింది కాబట్టి నేను దొరికాను.

వాడు అడిగింది ఫిక్స్‌డ్ పవర్ స్కోపు, అంటే జూమ్ లేనిది. 36 రెట్లంటే ఎప్పుడూ 36 రెట్లే. జూమ్ కోసం లోపల కదిలే అద్దాలు ఉండవు కనుక బరువు తక్కువ, గురి జరిగే అవకాశమూ తక్కువ. బెంచ్‌రెస్ట్ అని ఒక ఆట ఉంది. రైఫిల్‌ని బల్ల మీద సంచులకు ఆనించి, 100, 200 గజాల్లో 5 గుళ్లు దాదాపు ఒకే చిల్లులో పడేలా కాల్చాలి. అందులో లైట్ వార్మింట్ తరగతి రైఫిల్ స్కోపుతో కలిపి 10.5 పౌండ్లు దాటకూడదు. అందుకే అక్కడ వీటికి గిరాకీ. మామూలు కొనుగోలుదారులేమో జూమ్ వైపే వెళ్తారు. ల్యూపోల్డ్ ఆ కాంపిటీషన్ వరస ఆపేసింది. పిట్స్‌బర్గ్ ఉనెర్ట్ల్ వాళ్ల పొడవాటి గొట్టాలు ఇంకా అరుదు. వాటిలో గురి సర్దేది బయట మౌంట్‌లోనే. చాలావాటిలో గుండు పేలగానే గొట్టం ముందుకు జారుతుంది, చేత్తో మళ్లీ వెనక్కి లాక్కోవాలి! కొత్తది కావాలంటే జపాన్ మార్చ్ 48 ఎక్స్ లాంటివి ఉన్నాయి, ధర చూస్తే గుండె ఆగుతుంది.

పాతది కొనేటప్పుడు అద్దం మెరుపు చూసి మోసపోకండి. నేను పోయాను. బొమ్మ అద్దంలా ఉంది, గుళ్లు మాత్రం చెదిరిపోయేవి. నెల రోజులు తూటాలను తిట్టుకున్నాక, స్నేహితుడి స్కోపు బిగించి చూస్తే అదే రైఫిల్ బుద్ధిగా కాల్చింది. రైఫిల్‌ని కదలకుండా పెట్టి, తల మాత్రం అటూ ఇటూ జరిపి చూడండి. క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద తేలుతుంటే అది పారలాక్స్. సర్దుబాటు రింగ్ తిప్పినా పోకపోతే ఆ స్కోపు వద్దు.

ఇంతకీ వాడు ఆడేది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోపు పనికిరాదు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది సన్న రంధ్రంలోంచి చూసే సైట్‌తోనే. ఆ మాట చెబితే "ప్రాక్టీస్‌కి మామయ్యా" అన్నాడు.

అసలు చిక్కు వేరే. ఇక్కడ స్కోపు కొనడానికి ఏ కార్డూ అక్కర్లేదు గానీ, రైఫిల్ స్కోపులు అమెరికా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి. ఇండియాకు తీసుకెళ్లాలంటే వాణిజ్య శాఖ లైసెన్సు కావాలి. పచ్చడి సీసాల పక్కన సూట్‌కేసులో పెట్టేసే వస్తువు కాదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా రైఫిల్ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. న్యూజెర్సీలో కొనాలంటే ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు కూడా ఉండాలి.

వాడికి షూటింగ్ జాకెట్ కొలతలు పంపమన్నాను.