రక్తంలో కాల్షియం ఎందుకు తగ్గుతుంది?

మేము హాస్టల్లో ఉన్న రోజుల్లో రాత్రిపూట ఎవరికి పిక్క పట్టేసినా "కాల్షియం తక్కువరా" అనేసి బిళ్ళలు మింగేవాళ్ళం. నీళ్ళు తక్కువ తాగినా, ఆటల్లో అలసినా పిక్కలు పడతాయని తర్వాత తెలిసింది.

మన ఒంట్లో కాల్షియం 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. రక్తంలో డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు మాత్రమే. నరాలకు, కండరాలకు, గుండెకు అదే ఆధారం. అది తగ్గితే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల నుంచి తెచ్చి నింపుతాయి. అందుకే తిండిలో కాల్షియం చాలకపోయినా రక్తపరీక్ష చాలాకాలం బాగానే కనిపిస్తుంది, అరిగేది ఎముక.

రక్తంలోనే తగ్గిందంటే వేరే కారణం వెతకాలి. థైరాయిడ్ ఆపరేషన్‌లో ఆ గ్రంథులు దెబ్బతినడం, విటమిన్ డి లోపం, మెగ్నీషియం బాగా తగ్గడం, కిడ్నీ జబ్బు ముఖ్యమైనవి. విటమిన్ డి పనిచేసే రూపానికి మారేది ఎక్కువగా కిడ్నీలోనే. కిడ్నీ చెడితే పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు. పక్క జిల్లాలో కవిటి, సోంపేట వైపు ఉద్దానం ఊళ్ళను కిడ్నీ జబ్బు ఏళ్ళుగా పీడిస్తోంది. 2023లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడ బంధువులున్న మిత్రులు ఈ సంగతి ఇంట్లో చెప్పాలి.

మూతి చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం, ఫిట్స్ కనిపిస్తే బిళ్ళలతో సరిపెట్టక వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి.

తమ్ముళ్ళూ, వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. చోడి అంబలి తాగడానికి మేము నామోషీ పడ్డాం. మీరు పడకండి.