ఆఫ్రికా మైదానపు వేటకు ఏ రైఫిలు?

సైన్సు విద్యార్థికి వేటతో ఏం పని అని అడిగేవాళ్ళుంటారు. పనుంది. ఇంటర్మీడియట్‌లో మనం బట్టీ కొట్టిన గతిజశక్తి సూత్రాన్ని ఒక దేశం చట్టంగా రాసుకుందని తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. ఆ దేశం నమీబియా.

ముందే ఒక మాట. నేను పేల్చింది ఎన్.సి.సి.లో .22 రైఫిలు మాత్రమే. ఆఫ్రికా పోలేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత సరదా వేట నేరం. కెన్యా కూడా 1977లో వేటను నిషేధించింది. కాని దక్షిణాఫ్రికా, నమీబియాల్లో అది చట్టబద్ధంగా జరిగే వ్యవహారం. నమీబియా ఇంకా దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉన్నప్పుడే, 1967లో, పొలం ఉన్న రైతుకు దాంట్లో తిరిగే కొన్ని జాతుల జింకల మీద హక్కు ఇచ్చారు. అప్పట్నించీ అక్కడి రైతుకు గొర్రెలూ పశువులూ ఎట్లాగో ఆ జింకలూ అట్లాగే, అదొక పంట. వేటగాడు డబ్బు కట్టి వస్తాడు, మాంసం సాధారణంగా అక్కడే ఉండిపోతుంది. ఇది మంచా చెడా అని మా హాస్టల్లో ఒక రాత్రంతా వాదన జరిగింది, తేలలేదు. నాకు తేలిన విషయం ఒక్కటే. చంపడమే జరిగేటట్లయితే గాయపరిచి వదలడం కంటే పాపం లేదు.

మా తాత చెప్పేవాడు. చట్టం రాకముందు మా వూళ్ళో శెనక్కాయ చేలమీద పడే అడివిపందుల్ని నాటు తుపాకితో కాల్చేవాళ్ళట. ఒకసారి కడుపులో గుండు తగిలిన పంది చెరుకుతోటలో దూరింది. మూడోరోజు వాసనను బట్టి కనుక్కున్నారు. "అది మూడు దినాలు బతికే వుండింది రా" అనేవాడు తాత. రైఫిలు ఎంపిక గూర్చిన శాస్త్రమంతా ఆ మూడు దినాలు రాకుండా చూసుకోవడానికే.

ఇక విషయానికి వద్దాం. మైదానపు వేట అంటే ఏనుగు, అడవిదున్న, సింహం కాదు. రకరకాల జింకలు, జీబ్రా, వార్త్‌హాగ్ అనే అడివిపంది లాంటి జంతువు. జింకలన్నీ ఒకటి కావు. స్ప్రింగ్‌బోక్ 30, 40 కిలోలు తూగుతుంది, మన మేకపోతంత. ఇంపాలా పోతు 60 కిలోల పైచిలుకు. మెలితిరిగిన కొమ్ముల కూడూ పోతు 200 కిలోలు దాటుతుంది. ఈలాండ్ పోతు ఐతే 500 నించి 900 కిలోల దాకా, మన ఒంగోలు గిత్తతో పోటీ. ఒకే వారంలో, ఒకే పొలంలో ఇవన్నీ ఎదురుకావచ్చు. చిక్కంతా ఇక్కడుంది.

నమీబియా చట్టం ఇట్లా చెబుతుంది: స్ప్రింగ్‌బోక్ వంటి చిన్నవాటికి గొట్టం నించి బయటికొచ్చే గుండుకు కనీసం 1,350 జౌళ్ళ శక్తి ఉండాలి. కూడూ, గెమ్స్‌బోక్, ఈలాండ్ వంటి వాటికి 2,700. ఏనుగుకూ అడవిదున్నకూ 5,400. మెట్టు మెట్టుకూ రెట్టింపు.

మనం లెక్క వేసి చూద్దాం. గుండ్ల బరువు గ్రెయిన్లలో చెబుతారు. ఒకప్పటి బార్లీ గింజ తూకం అది, మన కంసాలుల గురివింద గింజ లాంటిదే. గురివింద ఒకటి దాదాపు రెండు గ్రెయిన్లు. .243 విన్‌చెస్టర్ రైఫిలులో మామూలుగా వాడే 100 గ్రెయిన్ల గుండు అంటే 6.48 గ్రాములు. వేగం సెకనుకు 900 మీటర్ల చిల్లర. ½mv² లో వేస్తే దాదాపు 2,640 జౌళ్ళు. స్ప్రింగ్‌బోక్‌కు పుష్కలం, కూడూకు గుమ్మంలోనే ఆగిపోయింది. .308 విన్‌చెస్టర్‌లో 180 గ్రెయిన్ల గుండు, 11.66 గ్రాములు, వేగం 800 మీటర్లు. సుమారు 3,700 జౌళ్ళు. 1906లో అమెరికన్ సైన్యానికి వచ్చిన .30-06 లో అదే గుండుకు 3,900 పైన. ఇవి రెండూ ఈలాండ్ దాకా చట్టం పరీక్షలో పాసు. .375 హాలండ్ అండ్ హాలండ్, 1912 నాటిది, 300 గ్రెయిన్ల గుండుతో 5,700 దాటి ఏనుగు మెట్టు కూడా ఎక్కేస్తుంది.

అట్లయితే అన్నిటికీ .375 పట్టుకుపోతే సరిపోదా? ఇక్కడ న్యూటన్ మూడో సూత్రం అడ్డమొస్తుంది. మందు వాయువుల్ని వదిలేసి గుండు ద్రవ్యవేగం ఒక్కటే చూసినా .308 కు 9.3, .375 కు 15. రైఫిలు బరువు నాలుగు కిలోలనుకుంటే మొదటిది సెకనుకు 2.3 మీటర్ల వేగంతో భుజాన్ని తంతుంది, రెండోది 3.75 తో. శక్తి వేగం వర్గాన్ని బట్టి కదా, కాబట్టి తన్ను 11 జౌళ్ళ నించి 28 కి పెరిగింది. రెండున్నర రెట్లు! నాలుగుసార్లు ఆ తన్ను తిన్న మనిషి ఐదోసారి ట్రిగ్గరు నొక్కే ముందే కళ్ళు మూసుకుంటాడు, చెయ్యి అదురుతుంది. గుండు కడుపులోకి పోతుంది. 5,700 జౌళ్ళు కడుపులో తగిలితే వచ్చేది మా తాత చెప్పిన పందే.

ఎక్కడ తగిలిందన్నదే ముఖ్యమనడానికి బెల్ అనే స్కాట్లండ్ వేటగాడే సాక్షి. గత శతాబ్దం మొదట్లో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు, అందులో ఎక్కువ భాగం 7 మిల్లీమీటర్ల మౌజరుతో. ఆ వేటను మెచ్చుకోను, కాని ఆయన ఏనుగు పుర్రెను కోయించి మెదడు ఎక్కడుందో చదువుకున్నాడు, మన జువాలజీ వాళ్ళలాగా. ఆ తూటా ఇవాళ్టి లెక్కకు 3,100 జౌళ్ళ దరిదాపు. నేటి నమీబియాలో ఆయన్ని ఏనుగు దగ్గరికి పోనివ్వరు! మన జిమ్ కార్బెట్‌కు చంపావత్ ఆడపులిని 1907లో చంపినందుకు బహుమతిగా వచ్చిన రిగ్బీ రైఫిలు కూడా ఆ తూటాదే. బోయర్ యుద్ధంలో అక్కడి రైతుల చేతుల్లో ఉన్న మౌజర్లకూ అదే. 1892లో పుట్టిన ఆ తూటాతో ఆఫ్రికాలో ఇప్పటికీ కూడూల్ని వేటాడుతున్నారు.

క్యాలిబరు కంటే గుండు తయారీ ముఖ్యమని నేననుకుంటున్నాను. గుండు లోపల సీసం, పైన రాగి తొడుగు. తగలగానే ముందుభాగం పుట్టగొడుగులాగా విచ్చుకోవాలి, అప్పుడే ఊపిరితిత్తుల్లో పెద్ద గాయమై రక్తపు ఒత్తిడి పడిపోయి జంతువు సెకన్లలో కూలుతుంది. మరీ తొందరగా విచ్చుకుంటే ఎముక దగ్గరే ముక్కలైపోతుంది. జాన్ నోస్లర్ అనే అమెరికన్‌కు 1946లో కెనడాలో ఒక మూస్ దుప్పి మీద ఇదే జరిగింది. ఒళ్ళంతా బురద ఎండిన ఆ దుప్పిలోకి గుండ్లు దిగలేదు. ఆయన ఇంటికొచ్చి గుండు మధ్యలో రాగి గోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా లోపలికి పోతుంది. 1948 నించి అది అమ్మకంలో ఉంది. సీసం అసలే లేని రాగి గుండ్లు తర్వాత వచ్చాయి. వాటి మీద నాకు మొగ్గు ఎక్కువ, ఎందుకంటే కళేబరంలో మిగిలిన సీసపు పెంకులు తిని రాబందులు విషమెక్కి చస్తాయి. రాబందులు పోతే ఏమవుతుందో మన దేశంలో చూశాం, ఇక్కడ కారణం పశువుల మందు ఐనా.

గురి గూర్చి కూడా చెప్పాలి. ఆఫ్రికా జింకల గుండె ముందుకాళ్ళ మధ్య, కిందుగా ఉంటుంది. జంతువు పక్కకు నిలబడినప్పుడు ముందుకాలి వెంట పైకి పోయి ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర కొట్టమంటారు. భుజం వెనక్కి జరిగితే కడుపే.

ఇంతకీ ఏవి తీసుకుపోవాలి? జాబితాలో ఈలాండ్ దాకా ఉన్నా ఒక .30-06 లేక .308, మంచి గుండ్లతో, చాలు. అడవిదున్న కూడా ఉంటే .375 రెండోది. మూడోది మోత బరువు తప్ప ఇంకేం లేదు. బోల్టు రైఫిలే కావాలి, దక్షిణాఫ్రికా వేటకు సెమీ ఆటోమేటిక్ రానివ్వదు. అక్కడి పోలీసుల 520 నంబరు ఫారం నింపాలి, రైఫిలుకు 200 తూటాలకు మించకూడదు. విమానంలో మనిషికి ఐదు కిలోల తూటాలే. ఇంత తలనొప్పి ఎందుకనుకునేవాళ్ళు అక్కడే అద్దెకు తీసుకుంటారు, అది తెలివైన పనే. ఐతే పరాయి తుపాకి బరువూ ట్రిగ్గరూ చేతికి అలవాటయ్యేదాకా జంతువు జోలికి పోకూడదు.

అలవాటు అంటే బల్లమీద ఇసుకమూట పెట్టి పేల్చడం కాదు. అక్కడ ఎత్తైన గడ్డి, పడుకుని కాల్చే వీలుండదు. మూడు కర్రల ముక్కాలి మీద రైఫిలు ఆనించి నిలబడి కాలుస్తారు. పొదల ప్రాంతంలో దూరం నూరు మీటర్ల లోపే, నమీబియా బయళ్ళలో రెండు మూడు వందలు. 300 మీటర్లు పోవడానికి గుండుకు అర సెకను లోపే పడుతుంది, ఆలోపల భూమి దాన్ని దాదాపు మీటరు కిందికి లాగుతుంది. టెలిస్కోపును ఆ లెక్కకు సర్దుతారు. విమానం సామాన్లలో దెబ్బ తిని అది కాస్త కదిలి ఉండొచ్చు. అందుకే దిగిన రోజు ఎంత తొందరున్నా మొదట అట్టమీద కాయితం అంటించి నూరు మీటర్ల దూరంలో నిలబెట్టి మూడు తూటాలు కాలుస్తారు. మూడు చిల్లులూ ఒకచోట పడితేనే బండి అడివిలోకి కదులుతుంది.