ట్రై లైన్ రక్షణ (రగ్బీ)

రగ్బీ యూనియన్ క్రీడలో ప్రత్యర్థులు తమ గోల్ లైనుకు కొద్ది మీటర్ల దూరానికి చేరినపుడు, ట్రై కాకుండా అడ్డుకొనే విధానాన్ని ట్రై లైన్ రక్షణ అంటారు. నియమావళిలో ఈ గీత పేరు గోల్ లైన్. వాడుకలో ట్రై లైన్ అనే మాట కూడా ఉంది. ట్రైకి 5 పాయింట్లు, ఆపై కన్వర్షన్‌కు 2 పాయింట్లు లభిస్తాయి.

'''గీత స్వభావం'''

గోల్ లైన్ ఇన్-గోల్ ప్రాంతంలో భాగమే. అందువలన బంతిని గీతపై ఆనించినా ట్రై అవుతుంది. గీతకు ముందే టాకిల్‌కు గురై పడిపోయిన ఆటగాడు కూడా వెంటనే చేయి చాచి బంతిని గీతపై ఉంచవచ్చు (కబడ్డీలో పట్టుబడిన ఆటగాడు మధ్యగీతను అందుకొన్నట్లే). కాబట్టి మైదానం మధ్యలో సరిపోయే టాకిల్ ఇక్కడ సరిపోదు. ప్రత్యర్థిని వెనుకకు పడవేయాలి, లేదా బంతి క్రింద తమ శరీరాన్ని చొప్పించి అది నేలను తాకకుండా చూడాలి.

'''అమరిక'''

మామూలుగా ఫుల్‌బ్యాక్, వింగర్లు కిక్‌ల కోసం వెనుక నిలబడతారు. గీత వద్ద వెనుక స్థలం తక్కువ కనుక వారు కూడా ముందు వరుసలోకి వస్తారు. రక్‌లోని చివరి పాదం గోల్ లైన్ మీదకు లేదా వెనుకకు చేరితే ఆ గీతే ఆఫ్‌సైడ్ హద్దు అవుతుంది. దాడిచేసే ఫార్వర్డ్‌లు బాగా వంగి దూసుకువస్తారు. రక్షకులు అంతకంటే క్రిందికి వంగవలసి ఉంటుంది. అందరూ రక్ చుట్టూ మూగితే అంచున ఖాళీ ఏర్పడుతుంది, అసలు ప్రమాదం తరచు అక్కడే. మాల్‌ను కావాలని కూలిస్తే పెనాల్టీతో పాటు పసుపు కార్డు (10 నిమిషాలు) రావచ్చు. తప్పు జరగకపోతే ట్రై అయి ఉండేదని రిఫరీ భావిస్తే పెనాల్టీ ట్రై ఇస్తారు. 2017 నుండి దీనికి కన్వర్షన్ లేకుండానే 7 పాయింట్లు.

'''నియమ మార్పు'''

పూర్వం గీత దాటిన ఆటగాడిని బంతి ఆనించకుండా పట్టి నిలిపినా, 5 మీటర్ల స్క్రమ్ దాడి జట్టుకే దక్కేది. ఎంతో శ్రమించి ఆపినవారికి ఇది చిన్న ఫలమే. 2021లో ప్రయోగంగా వచ్చి 2022లో స్థిరపడిన నియమం ప్రకారం ఇప్పుడు రక్షక జట్టు గోల్ లైన్ నుండి డ్రాప్ కిక్ చేస్తుంది.

'''ఉదాహరణలు'''

2015 ప్రపంచ కప్‌లో ట్వికెన్‌హామ్ వద్ద వేల్స్‌తో ఆడుతూ, ఆస్ట్రేలియా విల్ గెనియా, డీన్ మమ్ పసుపు కార్డులు పొందటంతో కొంతసేపు 13 మందితోనే గీతను కాపాడుకొని 15-6తో గెలిచింది. 2023 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్ చివరి భాగంలో ఐర్లాండ్ ఆటగాడు రోనన్ కెల్లెహర్ మాల్ నుండి గీత దాటగా, న్యూజీలాండ్ ఆటగాడు జోర్డీ బారెట్ బంతిని నేలకు తగలనివ్వలేదు. పాత నియమమైతే స్క్రమ్ ఐర్లాండ్‌దే. న్యూజీలాండ్ 28-24తో గెలిచింది.